చిందు ఎవరు నేర్పారు?

ట్రావెల్ రీల్స్‌లో మీకు ఎడపల్లి కనపడదు. నిజామాబాద్ నుంచి బోధన్‌కి పాతిక కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు, ఆ దారిలో వచ్చే మండల కేంద్రం ఇది. అటూ ఇటూ వరి, మధ్యమధ్యలో చెరుకు, పసుపు. 1931లో కట్టిన అలీసాగర్ ఈ మండలంలోనే ఉంది. ఆదివారం పిక్నిక్‌కి వచ్చేవాళ్లు చెరువు గట్టు మీద నాలుగు ఫొటోలు దిగి వెనక్కి వెళ్లిపోతారు. ఇంకొంచెం ఓపిక ఉన్నవాళ్లు జానకంపేట వెళ్తారు. బోధన్ రైలు పట్టాలు మెయిన్ లైన్ నుంచి విడిపోయే జంక్షన్ అది. అక్కడ లక్ష్మీనరసింహస్వామి గుడి, పక్కన అష్టముఖి కోనేరు ఉన్నాయి.

మా అమ్మమ్మ ఊరు ఈ మండలంలోదే. చిన్నప్పుడు కోనేరు అంటే మాకు నీళ్లలోకి రాళ్లు విసిరే చోటు. ఇంజనీరింగ్ చదివాక చూస్తే ఇంకోలా కనపడింది. దాన్ని కట్టిన మేస్త్రి ఎవరో ఊళ్లో ఎవరూ చెప్పరు. కానీ ఎనిమిది ముఖాలు సరిగ్గా కుదరాలంటే తాడు, కొలత, లెక్క ఉండాలి. అంటే ఆ మేస్త్రికి ఎవరో నేర్పారు. నేర్పినాయన పేరు కూడా మిగల్లేదు, అంతే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ మధ్య మా ఆఫీసులో లంచ్ టైంలో ఒక గొడవ నడిచింది. ఎవరో ఒక జానపద కళాకారుడి వీడియో గ్రూపులో పెట్టారు. కింద కామెంట్: 'ట్రైనింగ్ లేదు, రూల్స్ లేవు, ప్యూర్ టాలెంట్!' ఒకడన్నాడు, అసలైన కళ అంటే ఇదే, రూల్స్ నేర్చుకుంటే మనిషి మర అయిపోతాడని. ఇంకొకామె పదేళ్లు కూచిపూడి నేర్చుకుంది. ఆమె అంది, సాధన లేకుండా వచ్చేది కళ కాదు, సరదా అని. ఇద్దరికీ మద్దతు దొరికింది. నాకు మాత్రం మా బోధన్ బెల్ట్ గుర్తొచ్చింది. ఈ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఎక్కడో ఉందనిపించింది.

పాకం ఎవరికి తెలుసు?

ముందు చెరుకు సంగతి. మంజీర మీద నిజాంసాగర్ 1931కి పూర్తయింది. కాలువ నీళ్లతో పాటు చెరుకూ వచ్చింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. అక్కడ కెమిస్టులు ఉండేవాళ్లు, ల్యాబ్ ఉండేది. రసంలో తీపి ఎంత, ఎంత చక్కెర దిగుతుంది అన్నదానికి పక్కా లెక్కలు ఉండేవి.

ఇంకోవైపు బెల్లం వండేవాళ్లు. గానుగ ఆడిన రసం పెద్ద పెనంలో పోసి, చెరుకు పిప్పితోనే మంట పెట్టి, మడ్డి తీస్తూ, కాస్త సున్నం వేసి కాస్తారు. ఎప్పుడు దించాలి? థర్మామీటర్ లేదు. వండేవాడు చల్లని నీళ్లలో చుక్క వేసి వేళ్లతో ఉండ చుట్టి చూస్తాడు. ఉండ నిలబడితే దించాలి. రెండు నిమిషాలు ముందు దించితే బెల్లం గట్టిపడదు, ఆలస్యమైతే మాడిపోతుంది.

కెమిస్ట్‌కి డిగ్రీ ఉంది, బెల్లం వండేవాడికి లేదు. అంతమాత్రాన రెండోవాడికి రూల్ లేదంటామా? అతని రూల్ వేలి కొసన ఉంది. అది అక్కడికి చేరడానికి ఎన్ని సీజన్ల పెనాలు మాడాయో అతన్ని అడగాలి.

బడికి పోని ఎల్లమ్మ

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం. చిందుల ఎల్లమ్మ. బోధన్ మండలంలోని అమ్దాపూర్ ఆమె ఊరు. చిందు యక్షగానం అనగానే తెలంగాణలో ముందు గుర్తొచ్చే పేరు. బడి చదువు లేదు. ఏ అకాడమీలోనూ చేరలేదు. చిన్నప్పుడే గజ్జె కట్టి, ముసలితనం దాకా ఆడింది. 2005లో కన్నుమూసింది. ఆఫీసు గొడవలో మొదటివాడు ఈ నాలుగు ముక్కలు వింటే 'చూశావా, నేను చెప్పలా!' అంటాడు.

కానీ చిందు ఎలా ఆడతారో ఒకసారి చూడండి. ఆడేది మేళం, అంటే కుటుంబాలు కలిసిన బృందం. మద్దెల, తాళాలు, హార్మోనియం. మొహానికి అర్దళం రంగు. తేలికైన కర్రతో చేసిన కిరీటాలు, భుజకీర్తులు. ఇద్దరు తెర పట్టుకుంటారు, పాత్ర దాని వెనక నుంచి తన ప్రవేశ దరువుతో వస్తుంది. రాజు వచ్చే నడక వేరు, చెంచులక్ష్మి వచ్చే నడక వేరు. ఏ పాత్ర ఏ దరువుకి ఎలా అడుగు వేయాలి, వంత ఎక్కడ అందుకోవాలి, ఎక్కడ వచనం ఆగి పాట మొదలవ్వాలి, అన్నీ ముందే ఖాయం. సారంగధర, హరిశ్చంద్ర, బాలనాగమ్మ, ఇలా కథ తర్వాత కథ. ఒక్కోటి రాత్రంతా నడిచే ఆట. చేతిలో కాగితం ఉండదు, అంతా నోటికి రావాలి.

ఇదంతా ఎలా వచ్చింది? పిల్లలు మేళంతోనే పెరుగుతారు. ముందు పక్కన కూర్చుని తాళం కొడతారు. తర్వాత వంత పాడతారు. తర్వాత చిన్న వేషం. తప్పు చేస్తే పెద్దవాళ్ల చూపు చాలు. పదిహేనేళ్లొచ్చేసరికి వాళ్లు గడిపిన గంటలు లెక్కేస్తే, మన బీటెక్ నాలుగేళ్లు ఏ మూలకి?

మొన్న ఎడపల్లిలో టీ తాగుతూ ఒక పెద్దాయన్ని అడిగాను.

"తాతా, చిందోళ్ల ఆట చూసినవా?"

"చూసుడేంది బిడ్డా! తెల్లారేదాంక కూసుంటుంటిమి. చలికి గొంగళ్లు కప్పుకొని."

"వాళ్లకు ఎవరు నేర్పిన్రు తాతా?"

"నేర్పుడెవరు? అవ్వ కడుపులనే నేర్సుకుంటరు ఆళ్లు."

ఇక్కడితో ఆగితే ఆయన కూడా 'ప్యూర్ టాలెంట్' పార్టీయే. కానీ టీ పూర్తయ్యేలోపు ఇంకో మాట అన్నాడు.

"గని తాళం తప్పితె మాకు ఎర్కైతుండె. ముసలోళ్లు ముంగట్నే కూసుందురు. తప్పిన్రంటే అక్కడనే అందురు."

ఆ మాట నన్ను పట్టుకుంది. అంటే రూల్ మేళానికే కాదు, చూసేవాళ్లకూ తెలుసు. ముందు వరసలో కూర్చున్న రైతే పరీక్ష పెట్టేవాడు, అక్కడికక్కడే రిజల్ట్ చెప్పేవాడు.

మా సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటిది ఉంటుంది. పదేళ్లుగా బ్రహ్మాండంగా నడిచే కోడ్, ఒక్క పేజీ డాక్యుమెంటేషన్ ఉండదు. కొత్తగా చేరినవాడు చూసి 'దీనికి డిజైన్ లేదు' అంటాడు. డిజైన్ ఉంటుంది. రాసి లేదు, అంతే. చిందుని 'రూల్స్ లేని కళ' అనడం ఇలాంటిదే. ఇంకా చెప్పాలంటే, 'సహజ ప్రతిభ' అని మనం మెచ్చుకోలుగా అనే మాట వాళ్ల కష్టాన్ని కొట్టేస్తుంది. కూచిపూడి డాన్సర్‌ని 'అబ్బ, ఎంత సాధన' అంటాం. చిందు కళాకారిణిని 'అబ్బ, పుట్టుకతో వచ్చింది' అంటాం. సాధన ఇద్దరిదీ, మార్కులు ఒకరికే.

పాత గొడవే

నిజానికి ఈ చర్చ ఈ నేల మీద వెయ్యేళ్ల నాడే నడిచింది. బోధన్ ఒకప్పుడు వేములవాడ చాళుక్యుల రాజధాని. ఆ వంశానికి చెందిన రెండో అరికేసరి ఆస్థాన కవి, 10వ శతాబ్దం నాటి కన్నడ ఆదికవి పంపడు. ఆయన సమాధి అని చెప్పే చోటు బోధన్‌లో ఇప్పటికీ చూపిస్తారు. శాస్త్రం చెప్పినదాన్ని మార్గం అని, జనం వాడుకలో ఉన్నదాన్ని దేశి అని అనేవాళ్లు. కవిత్వం దేశిలోకి దిగి మార్గంతో కలవాలన్నది పంపడి ఆలోచన. రెండింటిలో ఒకటి ఎంచుకోమని ఆయన అడగలేదు.

13వ శతాబ్దంలో కాకతి గణపతిదేవుడి దగ్గర గజదళాన్ని నడిపిన జాయప సేనాని 'నృత్తరత్నావళి' రాశాడు. ఎనిమిది అధ్యాయాల పుస్తకం. మొదటి నాలుగు మార్గానికి, తర్వాతి నాలుగు దేశికి. చూడండి, సరిగ్గా సగం సగం. పేరణి లాంటి జనం ఆటలకి కూడా నియమాలు ఉన్నాయని ఆయనకి తెలుసు. అందుకే కూర్చుని రాశాడు.

ఆ రాత ఎందుకు పనికొచ్చిందో తెలుసా? పేరిణి కాలంతో పాటు ఆగిపోయింది. నేర్పే గురువు లేడు, ఆడే బృందం లేదు. 20వ శతాబ్దంలో నటరాజ రామకృష్ణ జాయపుడి పుస్తకం పట్టుకుని, 1213 నాటి రామప్ప గుడి శిల్పాలు చూసి, దాన్ని మళ్లీ నిలబెట్టారు. ఇవాళ స్టేజీ మీద పేరిణి శివతాండవం చూస్తున్నామంటే కారణం ఆ పుస్తకం, ఆ రాళ్లు, ఆయన పట్టుదల. మా భాషలో చెప్తే, సర్వర్ పోయినా బ్యాకప్ మిగిలింది.

కాబట్టి ఆఫీసులో రెండోవైపు మాట్లాడినామె పూర్తిగా తప్పు కాదు. రాసిపెట్టిన రూల్‌కి ఒక బలం ఉంది. మనుషులు పోయినా అది ఉంటుంది.

రూల్ బేడీ అయినప్పుడు

ఇక్కడ ఇంకో సంగతి దాచకూడదు. చిందు శిక్షణని చూసి మురిసిపోయి ఊరుకుంటే సరిపోదు. ఆ శిక్షణ పుట్టుకతో ముడిపడి ఉంది. చిందువాళ్లు మాదిగలని ఆశ్రయించి బతికిన కులం. వాళ్లకి జాంబపురాణం చెప్పాలి, మాదిగ వాడల్లో ఎల్లమ్మ వేషం కట్టాలి. మిరాశీ ఊళ్లు పంచుకుని, ఆ ఊళ్లిచ్చినదానితో బతకాలి. చిందు ఇంట్లో పుట్టిన పిల్లకి 'నేను వేరే పని చేసుకుంటా' అనే ఆప్షన్ ఉండేది కాదు. వేరే ఇంట్లో పుట్టిన పిల్లకి చిందు నేర్చుకునే ఆప్షన్ ఉండేది కాదు. ఎల్లమ్మ పేరు మీదే ఈ జిల్లాలో ఆడపిల్లల్ని జోగినులుగా మార్చారు. 1988లో చట్టం తెచ్చి నిషేధించాల్సి వచ్చింది. ఆచారం అన్న ప్రతిదీ కళ కాదు.

అలాగని అన్నీ బేడీలే కాదు. కూచిపూడి భాగవత మేళాల్లో ఆడవేషాలు మగవాళ్లే కట్టిన కాలంలో, చిందు మేళంలో ఆడవాళ్లు ఊరంతా చూస్తుండగా గజ్జె కట్టి ఆడారు. 'నాగరికం' అనుకున్న చోట లేని వెసులుబాటు 'మొరటు' అనుకున్న చోట ఉంది. ఎల్లమ్మ లాంటి కళాకారిణి రావడానికి ఆ వెసులుబాటూ కారణమే.

మొత్తానికి నాకు అర్థమైంది ఇది. నియమం లేని కళ నేను ఎక్కడా చూడలేదు. నియమం పుస్తకంలో ఉందా, ఒంట్లో ఉందా అన్నదే తేడా. కళ నిజమా కాదా అన్నది నియమం ఎక్కడుందో చూసి తేల్చలేం. దాన్ని చేతిలోకి తీసుకున్న మనిషి అందులో ఏం చేశారన్నది చూడాలి. వంద మంది చెంచులక్ష్మి ఆడి ఉంటారు, దరువు ఒకటే. జనం గుర్తుపెట్టుకున్నది ఎల్లమ్మని.

ముందు వరస ఖాళీ

ఇప్పుడు భయం దేనికంటే, ఒంట్లో ఉన్న నియమానికి బ్యాకప్ ఉండదు. అది బతకాలంటే మేళం కావాలి, మేళం ఆడాలంటే ఊరు కావాలి, తాళం తప్పితే గుర్తుపట్టే ముందు వరస కావాలి. బోధన్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. పాత ఫ్యాక్టరీ గురించి అడిగితే ఈ బెల్ట్‌లో అందరూ మాట్లాడతారు, మళ్లీ తెరవాలని ఎన్నికల్లో హామీలు కూడా వస్తాయి. మేళం ఆగిపోతే గేటుకి తాళం పడదు కాబట్టి ఎవరికీ తెలియదు.

చిందు పూర్తిగా పోయిందని కాదు. జనగామ జిల్లా కళాకారుడు గడ్డం సమ్మయ్యకి 2024లో పద్మశ్రీ వచ్చింది, చిందు యక్షగానానికే. అవార్డు రావడం సంతోషం. అయితే అవార్డు ఒక మనిషికి వస్తుంది, ఆట ఆడేది పది మంది.

మన చేతిలో ఫోన్ ఉంది. మీ ఊరికి చిందు మేళం, ఒగ్గు కథ, ఏది వచ్చినా ముప్పై సెకన్లు తీసి ఆపకండి. వాళ్లని అడిగి, ఒప్పుకుంటే, ఆట మొత్తం తీయండి. తెర పట్టడం నుంచి మంగళం దాకా. మద్దెల వాయించే ఆయన చేతులు కనపడేలా తీయండి, నియమం సగం అక్కడే ఉంటుంది. డబ్బులివ్వడం మర్చిపోకండి. పోస్ట్ పెట్టేటప్పుడు 'ప్యూర్ టాలెంట్' అని రాయకుండా, వాళ్లు సరేనంటే ఆడినవాళ్ల పేరు రాయండి. దాని కింద ఇంకో లైన్ కలపండి: వీళ్లకి నేర్పింది ఎవరు అని. అడిగితే చెప్తారు. జానకంపేట కోనేరు మేస్త్రికి మనం చేయలేకపోయిన పని అది.