పట్టాల పక్కన రాసి ఉన్న మాటలు



సంక్రాంతి సెలవులకు మీలో చాలామంది రైల్లో ఊళ్లకు వెళతారు. కిటికీ పక్క సీటు కోసం పిల్లలు పోట్లాడుకుంటారు. ఆ సీటు దొరికిన పది నిమిషాలకే ఫోన్ అడుగుతారు. ఈసారి ఫోన్ ఇచ్చే ముందు బయట ఒక పసుపు పలక కోసం చూడమని చెప్పండి. దాని మీద ఇంగ్లిషులో డబ్ల్యు/ఎల్ అనీ, హిందీలో సీ/ఫా అనీ నల్లటి అక్షరాలు ఉంటాయి. మన పిల్లలు ఆ రెండు భాషలూ చదవగలరు. ఆ పలక ఏం చెబుతోందో మాత్రం ఎవరైనా చెబితేనే తెలుస్తుంది.

అది డ్రైవరుకు రాసిన మాట. ‘ముందు రోడ్డు గేటు ఉంది, కూత వెయ్యి’ అని దాని అర్థం. సీ అంటే సీటీ, అంటే ఈల. ఫా అంటే ఫాటక్, అంటే గేటు. గేటుకు సుమారు 600 మీటర్ల ముందు ఈ పలక పాతుతారు. పెద్ద తరగతుల పిల్లలున్న ఇంట్లో ఇక్కడ ఒక చిన్న లెక్క వేయించవచ్చు. బండి గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే సెకనుకు 20 మీటర్లు నడుస్తుంది. 600 మీటర్లకు 30 సెకన్లు. కూతకూ బండికీ మధ్య మనకు ఉండే సమయం అంతే.

ఈ సంగతులు నేను పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. మా నాన్నగారు గుడివాడ లైన్లో గేటుమ్యాన్. పొలాల మధ్య గేటు, దాని పక్కనే ఒక గది, ఆ వెనక కాలువ గట్టు. నా చిన్నతనం అక్కడే గడిచింది. అప్పుడు మా గేటుకు ఫోన్ లేదు. ప్యాసింజరు బళ్ల వేళలు మా అమ్మకు కూడా కంఠతా వచ్చు గానీ, గూడ్సు బండి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అందుకే గేటు రోడ్డుకు ఎప్పుడూ మూసే ఉండేది. బండో మనిషో వస్తే నాన్నగారు పట్టాల మధ్య నిలబడి రెండు వైపులా చూసి, ఒక్క క్షణం చెవి ఒగ్గి విని, అప్పుడు తీసేవారు. ఎంత తొందరలో ఉన్న ఆసామి అరిచినా ఆ ఒక్క క్షణం మానేవారు కాదు. ఆయన వినేది ఆ పసుపు పలక దగ్గర వేసే కూత కోసమే.

జీతం రోజున ఆయన వెంట నేనూ స్టేషన్‌కు వెళ్లేదాన్ని. అక్కడ నన్ను ఆకట్టుకున్నది రెక్క సిగ్నల్. ఎత్తయిన స్తంభానికి ఎర్రటి రెక్క, దాని మీద తెల్ల పట్టీ. రెక్క అడ్డంగా ఉంటే ఆగాలి, కిందికి వాలితే వెళ్లవచ్చు. స్టేషన్ దగ్గర లీవరు లాగితే పట్టాల పక్కన కప్పీల మీదుగా ఇనుప తీగ కదిలి, దూరాన రెక్క వాలేది. రోజూ సాయంత్రం ఒకాయన కిరోసిన్ దీపం పట్టుకుని నిచ్చెనెక్కి పైన పెట్టి వచ్చేవాడు. ఆ దీపం ముందు రెండు రంగుటద్దాలు ఉండేవి. ఒకటి ఎరుపు. రెండోది పగలు చూస్తే నీలంగా కనిపించేది, రాత్రి చూస్తే మాత్రం పచ్చటి వెలుగు! కిరోసిన్ మంటలోని పసుపు నీలపు అద్దంలోంచి వస్తే పచ్చగా కనిపిస్తుందని నాకు చాలా ఏళ్ల తర్వాత సైన్సు టీచరు చెప్పారు.

‘తీగ తెగిపోతే ఎలా నాన్నా?’ అని ఒకసారి అడిగాను. ‘తెగితే రెక్క దానంతటదే అడ్డంగా వచ్చేస్తుంది. స్తంభానికి బరువు అలా కట్టి ఉంచారు. దీపం ఆరిపోయినా డ్రైవరు ఆపాల్సిందే. తెలియనప్పుడు ఆగడమే మన పద్ధతి’ అన్నారు. ఈ రోజుల్లో ఇంజనీర్లు దీన్ని ఫెయిల్ సేఫ్ అంటారు. కంప్యూటరు లేని కాలంలో ఒక ఇనుప బరువుతో, ఒక తీగతో ఆ పని చేశారు.

కొన్ని సిగ్నళ్ల రెక్క చివర చేపతోకలా చీలి ఉండేది. అది అడ్డంగా ఉన్నా బండి అక్కడ ఆగనక్కర్లేదు. ‘ముందున్న సిగ్నల్ దగ్గర ఆగాల్సి రావచ్చు, సిద్ధంగా ఉండు’ అని దాని మాట. రైలు బ్రేకు వేసిన చోట ఆగదు కదా. అందుకే రైల్వేలో హెచ్చరిక ఎప్పుడూ ప్రమాదం దగ్గర ఉండదు, చాలా ముందు ఉంటుంది.

దాని విలువ నాకు ఒక కోతల కాలంలో తెలిసింది. పొద్దు గూకే వేళ వరి కట్టలతో వస్తున్న ఎడ్ల బండి ఇరుసు సరిగ్గా పట్టాల మీద విరిగింది. బండివాడు ఎద్దులను విప్పి తోలాడు గానీ, బండి కదల్లేదు. అమ్మ ఎర్ర దీపం పట్టుకుని గుడివాడ వైపు నిలబడింది. నాన్నగారు పటాసుల డబ్బా తీసుకుని బెజవాడ వైపు పరిగెత్తారు. ఆ పటాసులు దీపావళివి కావు. పట్టా మీద బిగిస్తే చక్రం కింద పేలి డ్రైవరును ఆపేవి. 600 మీటర్ల దగ్గర ఒకటి, ఇంకా ముందుకు పోయి 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల దూరంలో మూడు పెట్టాలని నియమం. ముందు దగ్గరది ఎందుకంటే, రెండో చోటికి చేరేలోపే బండి వచ్చేస్తే ఒక్కటైనా ఉండాలి కదా. చీకట్లో మూడు పేలుళ్లు వినిపించాయి. గూడ్సు ఇంజను మా గేటుకు చాలా దూరంలోనే ఆగింది. నాన్నగారు వెనక్కి వచ్చి చెంబెడు నీళ్లు తాగి, ఊళ్లోవాళ్లతో కలిసి కట్టలు దించడానికి వెళ్లారు.

ఆ రెక్క సిగ్నళ్లు ఇప్పుడు మన వైపు లేవు, రంగు లైట్లు వచ్చాయి. గుడివాడ, బందరు, భీమవరం లైన్లకు రెండో పట్టా పడింది, కరెంటూ వచ్చింది. కరెంటు ఇంజను బొగ్గు ఇంజనులా దూరం నుంచి రొప్పుతూ రాదు. అందుకే ఆ కూత ఇదివరకటి కంటే ఇప్పుడే ఎక్కువ అవసరం. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటే ఆ 30 సెకన్లూ మనకు లేనట్టే.

2014 జులై 24 ఉదయాన్ని ఏ స్కూలూ మరిచిపోకూడదు. మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర, కాపలా లేని గేటు దాటుతున్న స్కూలు బస్సును ప్యాసింజరు రైలు ఢీకొట్టింది. పదిమందికి పైగా పిల్లలు చనిపోయారు. 2019 జనవరి నాటికి దేశంలో బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లన్నీ తీసేశారు. ఇప్పుడు ప్రతి గేటు దగ్గరా మనిషి ఉన్నాడు. కానీ ఉదయం స్కూలు వేళ గేటు పడితే, వెనక పిల్లను కూర్చోబెట్టుకుని బండి వంచి అడ్డకర్ర కింద నుంచి దూరిపోయే వాళ్లను మీరూ చూసే ఉంటారు. అలా దూరినప్పుడు ఆ గేటును మనమే మళ్లీ కాపలా లేని గేటుగా మార్చుకుంటున్నాం. వెనక కూర్చున్న పిల్ల ఆ పాఠాన్ని ఒక్కసారి చూస్తే చాలు, నేర్చేసుకుంటుంది.

ఈ ప్రయాణంలో పిల్లలకు ఇంకొన్ని చూపించండి. స్టేషన్ పేరు పలక అడుగున సముద్ర మట్టానికి ఆ ఊరు ఎంత ఎత్తులో ఉందో రాసి ఉంటుంది. బెజవాడ నుంచి బందరు దాకా ఆ అంకెలు రాసుకుంటే డెల్టా ఎంత చదునో పిల్లలకే అర్థమవుతుంది. త్రికోణపు పసుపు పలక మీద అంకె ఉంటే అది అక్కడ మించకూడని వేగం. ఆ నెమ్మది భాగం దాటాక గుండ్రటి పలకలు వస్తాయి. టీ/పీ ప్యాసింజరు బండికి, టీ/జీ గూడ్సుకు. ఆఖరి పెట్టె కూడా దాటాకే వేగం పెంచాలి కాబట్టి, పొడవైన గూడ్సుకు పలక వేరే పెట్టారు. కరెంటు స్తంభం మీద పై అంకె కిలోమీటరు, కింది అంకె అందులో ఎన్నో స్తంభమో చెబుతుంది. దారిలో ఆపద వచ్చి 139కి ఫోన్ చేస్తే, మీరెక్కడున్నారో చెప్పడానికి ఆ అంకెలు పనికొస్తాయి. ఆఖరి పెట్టె వెనక పెద్ద ఇంటూ గుర్తు ఉంటుంది. అది కనిపిస్తే బండి మధ్యలో తెగిపోకుండా మొత్తం వచ్చేసిందని అర్థం.

సెలవుల తర్వాత మీ పిల్లలు ఏ ఏ పలకలు చూశారో ఒక కాగితం మీద గీసి మా తెలుగు తరగతికి పంపండి. రేపు ఉదయం గేటు పడితే బండి ఆపి, ఇంజను కట్టేసి, ఆ బండి ఆఖరి పెట్టె మీద ఇంటూ గుర్తు ఉందో లేదో చూడమని వెనక కూర్చున్న వాళ్లకు చెప్పండి.