భద్రాద్రి త్రోవలో మా బండి

బండికి ఏ చక్రములు వేయవలెను, దానిని ఏది లాగవలెను అను విచారము పురుషులదని మేమును చాలకాలము తలచియుంటిమి. ప్రయాణమునకు వంటపాత్రలెన్ని, పప్పు బెల్లములెంత, పక్కబట్టలెన్ని యని లెక్క చూచుటతో మా పని తీరినదనుకొనెడివారము. మొన్నటి శ్రీరామనవమికి భద్రాచలము పోయివచ్చిన పిదప ఆ తలంపు మారినది. బండిపై నెక్కు బరువంతయు ఇల్లాలి చేతిమీదుగనే పోవును. అట్టిచో ఆ బరువును మోయు చక్రముల సంగతియు, దానిని లాగి నిలుపు వాహనము సంగతియు ఆమె యెరుగకున్న నెట్లు? మాకు తెలిసినంత మీకును చెప్పుదమని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా ఊరు ఖమ్మము జిల్లాలో వైరా జలాశయమునకు దాపున నున్నది. ఏటేట నవమికి రెండు దినములు ముందుగా పాల్వంచ దాటి, అడవి యంచున చెట్లనీడను పందిరి వేసి, కాలినడకను భద్రాద్రికి పోవు యాత్రికులకు పానకము, వడపప్పు, మజ్జిగ యిచ్చుట మా మామగారు పట్టిన మ్రొక్కు. ఆయన గతించి పదేండ్లయినను మేము దానిని మానలేదు. సామాను ట్రాక్టరు ట్రాలీలో పోవును. ఆ సామానుపైననే ఇంటిల్లిపాదియు కూర్చుండి పోవుట ఇంతకాలపు వాడుక.

మా అత్తగారు బాల్యమున ఎడ్లబండిలో భద్రాద్రికి పోయినవారు. గోదావరిపై వంతెన 1965లో వచ్చినది. అంతకు పూర్వము ఈవలి యొడ్డున బండ్లు విప్పి, పడవలో ఏరు దాటవలసియుండెను. ఇనుపపట్టా తొడిగిన కొయ్యచక్రములు రాళ్లపై చేయు చప్పుడు ఆమెకు నేటికిని చెవులలో నున్నదట. "మా నాయన బస్తాలెక్కించి, కాడి నొకసారి చేతితో ఎత్తి చూచెడివాడు. ముందు బరువెక్కువైన ఎద్దుల మెడలు క్రుంగును. వెనుక బరువెక్కువైన కాడి పైకి లేచి, పట్టెడ గొంతు నొక్కును. ఇరుసుకు కొంచెము ముందుగా బరువుండవలె" నని ఆమె చెప్పుచుండిరి. ఆ మాటను మేము పాతకథగా వినెడివారము.

రబ్బరు చక్రము మన పల్లెలకు తరువాత వచ్చినది. 1888లో బెల్‌ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్లప్ అను పశువైద్యుడు, కుమారుని మూడుచక్రముల బండి రాళ్లబాటలో ఎగిరెగిరిపడుట చూచి, గాలి నింపిన రబ్బరుగొట్టమును చక్రమునకు తొడిగి, దానికి హక్కుపత్రము పొందెను. అందువలననే రబ్బరు చక్రముల ఎడ్లబండిని మనవారు టైరుబండి యనియు, డన్లప్ బండి యనియు పిలిచిరి. బిడ్డ సుఖముకొరకు పుట్టిన వస్తువు ఎద్దుల మెడకును సుఖమిచ్చినది.

ఈ యేడు నవమికి, అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున నున్న మా మరిది కుటుంబముతో వచ్చిరి. అక్కడ సెలవులలో వారు మంచములు, పొయ్యి, స్నానపుగది గల యింటివంటి ట్రాలీని పికప్పు బండి వెనుక తగిలించుకొని దూరదేశములు తిరుగుదురు. ఆ ట్రాలీకి 'ఐదవ చక్రపు బండి' యని పేరు. వెనుకటి దినములలో నాలుగుచక్రముల గుర్రపుబండి మలుపు తిరుగుటకై ముందటి ఇరుసుపై నొక చక్రము అడ్డముగా పడుకొనబెట్టినట్లుండెడిది. దాని పేరే నేటి కొక్కెమునకు నిలిచినది. ఈ కొక్కెము పికప్పు వెనుక తొట్టిలో, వెనుక ఇరుసుకు సరిగా పైన నుండును. ట్రాలీ బరువులో నూటికి 15 మొదలు 25 పాళ్లు దానిపై మోపవలెనట. సాధారణపు కొక్కెమైనచో నూటికి 10 మొదలు 15 పాళ్లు చాలును. ముందు బరువు చాలనిచో ట్రాలీ వెనుకభాగము పాముతోకవలె ఊగి, లాగు బండిని కూడ త్రోవ తప్పించును.

ఈ మాట వినుచున్న మా అత్తగారు నవ్వి, "నాయనా, మా నాయన కాడి నెత్తి చూచినది ఇందుకే గదా!" యనిరి. మా మరిది ఆశ్చర్యపడి, "అమ్మా, నేను పుస్తకములు చదివి తెలిసికొన్న దానిని నీవు ఎనిమిదవ యేటనే ఎరుగుదు" వనెను.

పిదప అతడు మా ట్రాలీ చుట్టు తిరిగి చూచెను. మాకు రెండు ట్రాక్టర్లు అందుబాటులో నుండెను. మా యింటిది చిన్నది, పాతది. మా ఆడబిడ్డగారిది బరువైనది, క్రొత్తది. ట్రాక్టరు నడుపు అబ్బాయి, "మనది ఎంతైనను లాగునమ్మా" యనెను. "లాగుటకేమి? దిగుడులో నిలుపగలదా యని చూడవలెను" అని మా మరిది బదులుచెప్పెను. మా ట్రాలీకి బ్రేకులు లేవు. దిగుడులో దాని బరువంతయు వెనుకనుండి ట్రాక్టరును నెట్టును. లాగునది తేలికయైనచో నెట్టుడునకు ఆగలేక అడ్డముగా మడతపడును. కొక్కెముపై బరువు మితిమీరినను కీడే. ట్రాక్టరు ముందుచక్రములు తేలిపోయి, త్రిప్పిన వైపునకు తిరుగవు. అమెరికాలో సయితము 'ఇంత లాగును' అని ప్రకటనలలో వ్రాసిన పెద్ద అంకెను చూచి మోసపోవువారు కలరట. తలుపు ఒరపై అంటించిన చిన్న పట్టీలో, ఆ బండి తన వీపున ఎంత మోయగలదో వ్రాసియుండును. మనుష్యులు, సామాను, కొక్కెముపై పడు బరువు అన్నియు దానికి లోబడవలెను. 5,000 కిలోల ట్రాలీ కొక్కెముపై నూటికి 20 పాళ్ల చొప్పున 1,000 కిలోలు మోపును. చిన్న పికప్పులకు ఆ ఒక్క బరువుతోనే లెక్క తీరిపోవును.

అందుచే ఆడబిడ్డగారి ట్రాక్టరును అడిగి తెచ్చితిమి. దానికి కుడి యెడమ చక్రములకు వేరువేరు బ్రేకుపీటలున్నవి. పొలములో మలుపులకు అది అనుకూలము. రోడ్డుపై మాత్రము రెంటిని గొళ్లెముతో కలుపవలెను. లేనిచో ఒక చక్రమే ఆగి బండి గిరుక్కున తిరుగును.

తరువాత టైర్లు. మా ట్రాలీ టైర్ల పైభాగము మందముగనే యుండెను గాని, ప్రక్కలను సన్నని పగుళ్లు కనబడెను. ప్రక్కగోడపై నాలుగంకెలు అచ్చువేసియుండును. మొదటి రెండు వారమును, తక్కిన రెండు సంవత్సరమును తెలుపును. మా టైరుపై 1417 అని యుండెను. అనగా అది 2017వ సంవత్సరము 14వ వారమున పుట్టినది. రబ్బరు ఎండకు, కాలమునకు గూడ ముసలిదగును. ఐదారేండ్లు దాటిన ట్రాలీ టైరును, అరగకపోయినను, నమ్మరాదట. రెండవది పాతదానిపై క్రొత్తపొర వేయించినది. రెంటిని తీసివేసి, బరువుకు తగిన క్రొత్తవి, ఒకే కొలతవి కొంటిమి. గాలి తెల్లవారుజామున, టైరు చల్లగా నున్నప్పుడే చూడవలెను. గాలి తక్కువైన టైరు ప్రక్కలు మాటిమాటికి మడతపడి వేడెక్కును. చైత్రమాసపు రోడ్డు వేడియు దానికి తోడైనచో పగులక యేమి చేయును?

బరువు లెక్క మాత్రము మేము చేసితిమి. ఏటేట నాలుగు పీపాలనిండ ఇంటినుండియే నీరు పట్టుకొని పోయెడివారము. పీపా కొకటికి 200 లీటర్లు. లీటరు నీరు కిలో తూగును. ఊరకనే 800 కిలోలు అంత దూరము ఈడ్చుచుంటిమన్నమాట! ఈసారి పీపాలు వట్టివిగా కొనిపోయి పాల్వంచలో నింపుకొందమంటిమి. బెల్లము, పెసరపప్పు, గంగాళములు ఇరుసుకు కొంచెము ముందుగా సర్ది త్రాళ్లతో బిగించితిమి.

ఇక చిక్కు మా అత్తగారితో వచ్చినది. ట్రాలీలో సామానే పోవలెను, మనుష్యులెవ్వరును ఎక్కరాదని మేమంటిమి. చట్టమును సరకుల ట్రాలీలో మనుష్యుల నెక్కించుట కొప్పదు. ఆమె చిన్నబుచ్చుకొని, "మీ మామగారుండగా ఏనాడైన నన్ను వేరుగా పంపిరా? ముసలిదానిని సామానుతో కూర్చుండబెట్టుటకును మీకు బరువైతినా?" యనిరి. ఆ రాత్రి ఆమె అన్నము ముట్టలేదు. మాకును కంటికి నిద్ర లేదు.

తెల్లవారి ఆమె కడకు పోయి, "అత్తయ్యా, 2018లో భువనగిరి దగ్గర వేములకొండకడ కూలికి పోవు ఆడవారి ట్రాలీ మూసీ కాలువలో బోల్తాపడిన సంగతి మీకు తెలియును. ఎందరు తల్లులు మరలి యిండ్లకు రాలేదో తలచుకొనుడు. మీ నాయనగారి ఎద్దులు గొయ్యి చూచి తామే ఆగెడివి. ఈ ట్రాలీకి కన్నులును లేవు, బ్రేకును లేదు" అంటిమి. ఆమె చాలసేపు మాటాడక, చివరకు, "అయితే పిల్లలను గూడ ఎక్కనీయకు" మని లేచి స్నానమునకు పోయిరి.

ట్రాక్టరు చీకటితో బయలుదేరినది. వెనుక ఎర్రని మెరుపుబిళ్లలు అంటించితిమి. మేము తెల్లవారిన పిదప ఆర్టీసీ బస్సెక్కితిమి. 2023 డిసెంబరునుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్సు బస్సులలో తెలంగాణ స్త్రీలకు టిక్కెట్టు ఖర్చు లేదు గదా! తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు దాటి బొగ్గుగనుల కొత్తగూడెము చేరితిమి. అచ్చట ట్రాక్టరు మాకొరకు ఆగియుండెను. మా అత్తగారు బస్సు దిగి తిన్నగా ట్రాలీకడకు పోయి, జ్వరము చూచుటకు బిడ్డ నుదురంటినట్లు ఒక్కొక్క టైరునకు చేయి తాకించిరి. "అమ్మాయీ, ఎడమది ఎక్కువ కాలుచున్న" దనిరి. చూడగా మీట సరిగా బిగియక గాలి సన్నగా పోవుచుండెను. జాకీ ఎత్తి, స్టెప్నీ వేసి, ఆ మీటను బాగుచేయించుకొని కదలితిమి. ఆమె చేయి తాకకున్నచో అడవినడుమ ఏమయ్యెడిదో!

పాల్వంచ దాటగనే రెండువైపుల టేకు, తునికి, ఇప్ప చెట్లు. ఇప్పపూలు నేల రాలి మత్తైన తీయని వాసన వేయుచుండెను. కోయ స్త్రీలు బుట్టలతో ఏరుకొనుచుండిరి. మా పందిరి లేచినది. యాత్రికులు పాదములు బొబ్బలెక్కి వచ్చి, పానకము త్రాగి, "రామయ్య మిమ్ము చల్లగా చూచుగాక" యని పోవుచుండిరి. మా అత్తగారు పీటపై కూర్చుండి, తమ చేతులతో మిరియాలు, ఏలకులు కలిపిరి. నవమినాడు వంతెనపై బస్సులో పోవుచు, క్రింద సన్నగిల్లిన గోదావరిని చూపి, "ఇచ్చటనే పడవ యెక్కితి" మని పిల్లలకు చెప్పిరి.

సోదరీమణులారా! మీ యింటి బండి ఎట్టిదైనను, కదలుటకు ముందు టైరుపై నాలుగంకెలు చదువుడు. చల్లని వేళ గాలి చూపింపుడు. నీటిని తూచి యెక్కింపుడు. లాగునది నిలుపగలదా యని యడుగుడు. ట్రాలీలో మనిషి నెక్కనీయకుడు. త్రోవలో ఆగినప్పుడెల్ల ఒక్కమారు టైరుపై చేయి వేసి చూడుడు. బిడ్డ ఒళ్లు కాలుచున్నదో లేదో తెలిసికొను చేతికి ఇదియేమంత కష్టము?