పలక మీద నాయన చెయ్యి

పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతర. పలకలోళ్లు గడ్డి మంట చుట్టూ చేరి పలకలు కాచుకుంటున్నారు. సెగకు తోల్లోని తేమ పోతుంది, తోలు బిగుస్తుంది, మోత ఖంగుమంటుంది. చిన్నప్పుడు ఈ సంగతి చెప్పింది మా నాయనే. బళ్లో సైన్సు అయ్యవారు. ఇప్పుడాయనకు చెవులు దాదాపు వినపడవు. "నేనొచ్చి ఏం వినాలిరా?" అన్నా వినకుండా తీసుకొచ్చాను.

ఆయనతో మాట్లాడాలంటే కాగితమే దిక్కు. మొన్న చదివిన విషయం రాసి చూపించాను.

వీణ తీగ మీటితే అసలు స్వరంతో పాటు దానికి రెండింతలు, మూడింతలు కంపనాలూ పలుకుతాయి. గుండ్రటి తోలుకు ఆ లెక్క కుదరదు. 1.59, 2.14 రెట్లంటూ చిందరవందరగా వస్తాయి. మృదంగం నడుమ పూసే నల్లటి ముద్ద దాన్ని సరిచేస్తుందని 1920లో 'నేచర్' పత్రికలో చెప్పింది విశాఖపట్నంలో చదువుకున్న సి.వి.రామన్.

నాయన తలూపాడు. ఇవన్నీ ఆయనకు తెలిసినవే. అసలు కథ ఆ తర్వాతే!

ఎలక్ట్రాన్ బిందువు కాదు, బుడగలాంటి పొర కావచ్చని 1962లో డిరాక్ ఊహించాడు. పదార్థమంతా సన్నటి తీగల కంపనమేనంటుంది స్ట్రింగ్ సిద్ధాంతం. ఆ తీగల కొసలు అతుక్కునే పొరలూ ఉంటాయని పోల్చిన్‌స్కీ వంటివాళ్లు చూపించారు. మెంబ్రేన్‌లో సగం తుంచి వీటిని 'బ్రేన్‌'లన్నారు. మనకు తెలిసిన పొడవు, వెడల్పు, ఎత్తుల లోకమంతా అలాంటి ఒక బ్రేన్ కావచ్చట. వెలుగు, మనం దానికే అంటుకుని ఉన్నాం. గురుత్వాకర్షణ మాత్రం బయటి పరిమాణాల్లోకీ వ్యాపిస్తుంది. అందుకే అంత బలహీనం అని 1998లో కొందరు లెక్క కట్టారు. గుండుసూదిని భూమి అంతా కిందికి లాగుతున్నా చిన్న అయస్కాంతం పైకి లేపేస్తుంది కదా!

"రుజువుందా?" అన్నాడు నాయన.

లేదని తలూపాను. జెనీవా దగ్గరి భారీ యంత్రంలో వెతికినా ఇంతవరకూ జాడ లేదు.

ఇంతలో పలకలు మోగాయి. నాయన ఉలకలేదు. ఒక పలకాయన ఏమనుకున్నాడో, దగ్గరికొచ్చి నాయన చెయ్యి పట్టుకుని పలక అంచున ఆనించాడు. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, నాయన కాలు కదిలింది. వరస మారగానే "మారిందిరా!" అని అరిచాడు.

ఇంటికొచ్చే దారిలో ఆయనే కాగితం అడిగి తీసుకున్నాడు. చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"చెవికి అందలేదని మోత లేకుండా పోలేదు కదరా. వాళ్లనీ చెయ్యి ఎక్కడ పెట్టాలో వెతకమను."