కొలిచాక తీసిన పిడికెడు

శనివారం స్టూవర్టుపురం చూసుకుని బాపట్ల చేరేసరికి చీకటి పడింది. మనసు బరువుగా ఉంది. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి ఆ ఊళ్లో ఉంచారు. వాళ్ల బాగోగులు చూసే పని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు. బడి పెట్టారు, పని చూపించారు, నిజమే. కానీ అనుమతి లేకుండా ఊరు దాటకూడదన్నారు. తగ్గి ఉండమని ఎదుటి మనిషిని కట్టడి చేస్తే అది క్రైస్తవం చెప్పే దీనత్వం ఎలా అవుతుంది?

ఆ మాటే పెద్దమ్మతో అన్నాను. ఆవిడ పుట్టింది రేపల్లె దగ్గర, మెట్టింది బాపట్లలో సాల్వేషన్ ఆర్మీ కుటుంబంలో. జవాబేమీ చెప్పలేదు. ఎసరు పెట్టి, గ్లాసుతో బియ్యం కొలిచి చేటలో పోసింది. రాళ్లు ఏరింది. అప్పుడు అందులోంచి పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న డబ్బాలో వేసింది. ఆర్మీ గుడికని. ఏ పూట వండినా ఇంతే.

"ముందే తీసి పక్కన పెట్టొచ్చుగా పెద్దమ్మా?"

"కొలిచాకే తీయాల నాయనా. ముందు తీస్తే మన కంచంలో ఏం తగ్గుద్ది?"

ఆర్మీవాళ్లు ఏటా ఇచ్చే త్యాగ కానుకకు మూలం కూడా కంచమే. 1886లో లండన్‌లో జాన్ కార్ల్‌టన్ అనే మేజరు, ఇవ్వడానికి ఇంకేమీ లేక, ఏడాదిపాటు భోజనంలో తీపి మానేసి ఆ డబ్బు ఇస్తానన్నాడు. అది విని ఆర్మీ స్థాపకుడు విలియం బూత్ అందరినీ ఓ వారం ఏదో ఒకటి మానుకోమన్నాడు. అంతకు నాలుగేళ్ల ముందే ఫ్రెడరిక్ బూత్-టక్కర్ ఐసీఎస్ కొలువు వదిలి ఆర్మీ తరఫున బొంబాయిలో దిగాడు. ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నాడు, కాషాయం కట్టాడు, కాళ్లు బొబ్బలెక్కేలా చెప్పుల్లేకుండా ఊళ్లు తిరిగాడు. ఆ మనిషే తర్వాత నేరస్థ జాతుల సెటిల్‌మెంట్ల పని నెత్తిన వేసుకున్నాడు. తన కంచంలోంచి అంత తీసినవాడు ఇతరుల కంచాల మీద కాపలాకి ఎలా ఒప్పుకున్నాడో నాకు మింగుడుపడదు.

ఆదివారం పెద్దమ్మ తెల్లచీర కట్టి, డబ్బా పట్టుకుని బయల్దేరింది. గుడిలో ముందు ఓ గోనెసంచి. మా ముందున్నావిడ సన్నబియ్యం పోసింది. మరొకావిడ కొంగుముడి విప్పి రేషన్ బియ్యం పోసింది. ఓ కుర్రాడు సంచిలో చెయ్యి పెట్టి సర్దాడు. ఎవరి పిడికెడు ఏదో ఇక తెలియదు.

పెద్దమ్మ డబ్బా వంచింది. అడుగున అంటుకున్న నాలుగు గింజలు కూడా రాలేదాకా తట్టింది.