ఆకాశంలోంచి కొలిచారు... అడవిలోకెళ్లి చూశారు!

పాతిక అంతస్తుల భవనమంత ఎత్తు. ఆరుగురు చేతులు చాచి చుట్టూ నిలబడితేగానీ అందనంత మాను. వయసు నాలుగు నుంచి ఆరు వందల ఏళ్లు ఉండొచ్చని అంచనా. అమెజాన్‌ అడవుల్లో ఇప్పటివరకూ కొలిచినవాటిలోకెల్లా ఎత్తైన ఆ చెట్టు జాడ మొదట బయటపడింది మాత్రం కంప్యూటర్లో... అంకెల రూపంలో!

బ్రెజిల్‌ ఉత్తరాన పారా, అమాపా రాష్ట్రాలకు సరిహద్దుగా ప్రవహించి అమెజాన్‌లో కలుస్తుంది జారీ నది. పైకి వెళ్లేకొద్దీ రోడ్లుండవు, పడవే దిక్కు. ఆ పడవకీ రాళ్లమీంచి ఉరికే నీళ్లు అడుగడుగునా అడ్డమొస్తాయి. ఆ ప్రాంతంలో ఇరాటాపురు అనే చిన్న పల్లె ఉంది. అడవిలో రాలిన బ్రెజిల్‌ నట్స్‌ ఏరుకొచ్చి అమ్ముకోవడం అక్కడివారి జీవనాధారం. అలాంటి అడవిలో చెట్టు కింద నిలబడి తలెత్తితే కనిపించేది కొమ్మలూ ఆకులే. చివర ఎక్కడుందో తెలియదు. మరి ఎత్తు తేల్చడమెలా?

లేజర్‌ లెక్క
బ్రెజిల్‌ అంతరిక్ష పరిశోధన సంస్థ 2016-18 మధ్య విమానాల్లో లేజర్‌ పరికరాలు పెట్టి అమెజాన్‌ అడవిపై తిప్పింది. 12 కిలోమీటర్ల పొడవు, 300 మీటర్ల వెడల్పు ఉన్న పట్టీలు ఎనిమిది వందలకు పైగా ఎంచుకుని కొలిచింది. అడవిలో ఎంత కార్బన్‌ దాగుందో లెక్కగట్టడం అసలు ఉద్దేశం.

ఈ పద్ధతి పేరు లైడార్‌. విమానంలోంచి వెళ్లిన కిరణంలో కొంత చెట్టు చివరి ఆకుల్ని తాకి వెనక్కొస్తుంది. మిగిలింది సందుల్లోంచి దూరి నేలను తాకి ఇంకాస్త ఆలస్యంగా వస్తుంది. కాంతి వేగం ఎటూ తెలుసు కాబట్టి ఆ రెండింటి మధ్య తేడా చూస్తే చెట్టెత్తు తెలిసిపోతుంది. అలాంటి కోట్లాది చుక్కల్ని కంప్యూటర్‌ ప్రోగ్రామ్‌ విడదీసి నేలకో పటం, చెట్ల పైకప్పుకో పటం గీస్తుంది. రెండోదాన్లోంచి మొదటిదాన్ని తీసేస్తే మిగిలేదే అడవి ఎత్తు పటం.

పరిశోధకుడు ఎరిక్‌ గోర్గెన్స్‌ బృందం ఈ సమాచారాన్ని జల్లెడ పడుతుంటే ఏడు పట్టీల్లో 80 మీటర్లు దాటిన చెట్లు కనిపించాయి. ఎక్కువ జారీ పరిసరాల్లోనే. వాటిలో ఒకటి ఏకంగా 88.5 మీటర్లు! అంటే చార్మినార్‌కి ఒకటిన్నర రెట్ల పైమాటే. దాని పేరు అంజెలిం వెర్మెల్యో. శాస్త్రీయ నామం డినీజియా ఎక్సెల్సా. మన చింత, తుమ్మ చెట్లకు చుట్టమే, అదే కుటుంబానికి చెందింది.

పటం పట్టుకుని...
కంప్యూటర్‌ చెప్పినంత మాత్రాన నమ్మేదెలా? కళ్లారా చూడాల్సిందేనని 2019లో ఓ బృందం బయల్దేరింది. దారులు తెలిసిన ఇరాటాపురు వాసులు తోడొచ్చారు. కొన్ని మహావృక్షాల్ని చూసింది కానీ అన్నిటికన్నా పెద్దదాన్ని చేరలేకపోయింది. చివరికి 2022 సెప్టెంబరులో 19 మంది మళ్లీ వెళ్లారు. పడవలో 250 కిలోమీటర్లు, ఆపైన కొండలెక్కి దిగుతూ 20 కిలోమీటర్ల నడక. దారిలో ఒకరిని విషపు సాలీడు లాంటిదేదో కుట్టింది. రెండు వారాల ప్రయాణం తర్వాత ఎట్టకేలకు ఆ చెట్టు మొదట్లో నిలబడ్డారు. మాను చుట్టుకొలత 9.9 మీటర్లు!

ఇవి అక్కడే ఎందుకు పెరిగాయి? గాలుల ధాటి, పిడుగుల బెడద తక్కువగా ఉన్నచోటే చెట్లు అంతెత్తుకు ఎదుగుతాయని 2021లో ఇదే బృందం చేసిన పరిశోధన చెబుతోంది. మనుషుల గొడ్డలికి దూరంగా ఉండటమూ కలిసొచ్చింది. ఇలాంటి ఒక్కో వృక్షంలో 40 టన్నుల వరకూ కార్బన్‌ ఉండొచ్చంటారు శాస్త్రవేత్తలు. అలాంటిది ఒక్కటి కూలినా నష్టం ఎంతో!

ఆ దూరం ఇప్పుడు తగ్గిపోతోంది. చుట్టుపక్కల అక్రమంగా బంగారం తవ్వేవాళ్లూ, చెట్లు నరికేవాళ్లూ చొరబడుతున్నారు. ఆ మహావృక్షం ఎక్కడుందో తెలిశాక దాన్ని కాపాడాలన్న ఒత్తిడి పెరిగింది. 2024లో పారా ప్రభుత్వం దాదాపు 5.6 లక్షల హెక్టార్లను మహావృక్షాల పార్కుగా ప్రకటించింది. ఎవరికీ తెలియని చెట్టయితే కాపాడమని అడిగేదెవరు?

మనమూ చూడొచ్చు
ఆ విమానాల సమాచారాన్ని తర్వాత అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచారు. నాసా 2018 డిసెంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పంపిన జెడీ అనే లేజర్‌ పరికరం కొలతలూ ఉచితమే. 2023లో దాన్ని కొన్నాళ్లు పక్కనపెట్టినా 2024లో మళ్లీ పనిలో పెట్టారు. ఆ కొలతలకు ఉపగ్రహ చిత్రాలు జోడించి స్విట్జర్లాండ్‌ పరిశోధకులు ప్రతి పది మీటర్లకూ అడవి ఎత్తు చూపే ప్రపంచ పటం తయారుచేశారు. అందులో మన నల్లమల కూడా ఉంది. పైథాన్‌, ఆర్‌ లాంటి ఉచిత ప్రోగ్రామింగ్‌ భాషలు కాస్త నేర్చుకున్న కాలేజీ కుర్రాడు కూడా ఇంట్లో కంప్యూటర్‌ ముందు కూర్చుని ఆ పటాలతో పనిచేయొచ్చు. కాకపోతే మరీ పొడవైన చెట్ల ఎత్తును ఇలాంటి పటాలు తక్కువ చేసి చూపిస్తుంటాయి. అందుకే విమానాలూ, అడవిలో నడకా తప్పవు.

అడవుల లెక్కకు మన గడ్డ కూడా సాయపడుతోంది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఇస్రో-నాసాల నిసార్‌ ఉపగ్రహం అడవుల్లోని మార్పుల్ని రాడార్‌తో గమనిస్తుంది. మేఘాలున్నా, చీకటైనా దానికి అడ్డు కాదు.

అన్నట్టు, బ్రెజిల్‌ విమానాలు కొలిచిన పట్టీలన్నీ కలిపినా అమెజాన్‌ అడవిలో వెయ్యో వంతు కూడా లేవు. 88.5 మీటర్ల రికార్డును బద్దలుకొట్టే చెట్టు ఇంకెక్కడో తల పైకెత్తుకుని ఉందేమో!