మీటర్‌లో లేని గంటలు

వెస్ట్ మారేడ్‌పల్లిలో మా తాతయ్య ఇంటి కారు షెడ్డులో కారు ఉండదు. రెండేళ్లుగా అక్కడ ఒక చిన్న ట్రాక్టర్ ఉంది. అటూ ఇటూ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు, మధ్యలో మా పాత ఇల్లు, అందులో ఏపీ 23 నంబర్‌తో ట్రాక్టర్. స్విగ్గీ అబ్బాయిలు కూడా ఒక నిమిషం ఆగి చూసి పోతారు.

తూప్రాన్ దగ్గర మామిడితోట 2023లో అమ్మేశారు గానీ ట్రాక్టర్ అమ్మడానికి తాతయ్యకు మనసు రాలేదు. డీసీఎంలో వేయించి ఇంటికి తెచ్చుకున్నారు. ఇప్పుడు ఇల్లే డెవలప్‌మెంట్‌కి ఇచ్చాం. మొన్న దసరా సెలవులకు వెళ్తే, "ఒరేయ్, ఇంజనీరింగ్ వెలగబెడుతున్నావుగా, దీనికి ధర కట్టు. వచ్చినదాంట్లో సగం నీ లాప్‌టాప్‌కి" అన్నారు. ఆ రెండో వాక్యం వినగానే నాలో ఇంజనీర్ మేల్కొన్నాడు.

బండి సంగతి చెప్పాలి. పదిహేను హెచ్‌పీ, ఒకే సిలిండర్, చెట్ల వరసల మధ్య దూరడానికి పనికొచ్చే రకం. మహీంద్రా యువరాజ్, స్వరాజ్ 717 లాంటివి చూసుంటారు కదా, ఆ తరగతిది. కంపెనీ పేరు రాయను, ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది. 2012లో 2,35,000కు కొన్నారు. రోటవేటర్ వేరే.

ముందు పుస్తకం తీశాను. పదిహేనేళ్ల ఆయుష్షు, చివర్లో పది శాతం తుక్కు విలువ అనుకుని సరళరేఖ పద్ధతిలో వేస్తే ఏడాదికి 14,100 తరుగుదల. పదమూడేళ్లకు మిగిలింది 51,700. ఏటా 15 శాతం చొప్పున తగ్గే పద్ధతిలో వేస్తే 28,400. ఒకే బండి, రెండు సూత్రాలు, దాదాపు రెండింతల తేడా. బీమా వాళ్ల పట్టిక చూద్దామంటే అది ఐదో ఏడు దాకానే ఉంది. నాలుగు నుంచి ఐదేళ్ల బండికి 50 శాతం కోత, ఆ పైన కంపెనీ, యజమాని మాట్లాడుకుని ఎంతనుకుంటే అంత. అంటే నన్నే తేల్చుకోమని.

తాతయ్య నా కాగితం చూసి నవ్వారు. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ముప్పై నాలుగేళ్లు చేశారు. "ఇది ఆడిటర్‌కి చూపించే లెక్క. కొనేవాడు నీ బిల్లు చూడడు. ఇలాంటిది కొత్తది ఎంత, ఇది ఇంకా ఎన్నాళ్లు తిరుగుతుంది, మధ్యలో ఎంత పెట్టాలి, ఇవే చూస్తాడు."

కొత్తది మూడు లక్షల పైమాటే. దానికి తోడు సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. పన్ను కాక మూడు లక్షలుండే బండి మీద అది 21,000 రూపాయలు. కొత్తది తగ్గితే పాతది తగ్గక తప్పదు. కొనడానికి వచ్చిన మొదటి ఇద్దరూ నమస్కారం కన్నా ముందు జీఎస్టీ మాటే ఎత్తారు.

మూడో ఆయన శామీర్‌పేట వైపు జామతోట రైతు. ఆయన బండి చూసిన తీరు నాకు ఏ ల్యాబ్‌లోనూ ఎవరూ నేర్పలేదు. వచ్చీ రాగానే ఇంజన్ మీద అరచెయ్యి పెట్టారు. ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచామేమోనని. చల్లగా ఉందని నమ్మకం కుదిరాకే తాళం తిప్పమన్నారు. ఆయిల్ పోసే మూత తీసి అక్కడ నుంచి పొగ ఎంత కొడుతుందో చూశారు. రింగులు, లైనర్ అరిగితే ఆ దారిన ఎక్కువ వస్తుందట. రోటవేటర్‌ని పైకి లేపి, ఇంజన్ ఆపేసి, తాతయ్య ఇచ్చిన టీ తాపీగా తాగారు. టీ కోసం కాదని తర్వాత అర్థమైంది. గ్లాసు ఖాళీ అయ్యేలోపు రోటవేటర్ ఎంత కిందికి జారిందో చూస్తున్నారు. హైడ్రాలిక్ సీళ్ల ఆరోగ్యం అందులో తెలుస్తుంది.

చివరికి ఆర్సీ అడిగారు. అప్పు 2017లోనే తీరినా దాని మీద బ్యాంకు పేరు అలాగే ఉంది. ఎన్ఓసీ, ఫారం 35, తర్వాత 29, 30. అదొక వారం పని. ఇంకో చిక్కు, 2027లో రిజిస్ట్రేషన్‌కి పదిహేనేళ్లు నిండుతాయి, రెన్యూవల్ ఖర్చు ఆయన నెత్తినే పడుతుంది. అన్నీ లెక్కేసుకుని మీటర్ వైపు ఒక చూపు చూసి, "రోటవేటర్‌తో కలిపి లక్షా ముప్పై ఐదు" అన్నారు. మీటర్ మీద 1,184 గంటలు.

ఆయన వెళ్లగానే గాల్లో తేలుతున్నాను. తాతయ్య అడిగారు, "మీటర్ సంగతి చెప్పావా?"

"ఆయన అడగలేదు తాతయ్యా."

ఆయన ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి ఒక పాత రిజిస్టర్ తెచ్చి నా ముందు పెట్టారు.

సంగతేంటంటే ఆ మీటర్ 2015 జూలైలోనే ఆగిపోయింది. ఇంజన్ నుంచి వచ్చే కేబుల్ తెగింది, ఎవరూ వేయించలేదు. తోటలో బండి నడిపిన మామకు ఫోన్ చేస్తే, "అది ఎప్పుడో సచ్చింది బిడ్డా, గిప్పుడెందుకు" అన్నాడు. అంటే 1,184 గంటలు మొదటి మూడేళ్లవి. ఆ తర్వాత ఎనిమిదేళ్లు తిరిగిన లెక్క ఎక్కడా లేదు. రిజిస్టర్‌లో ఉంది, కాకపోతే లీటర్లలో.

రైల్వే అలవాటు. డీజిల్ క్యాన్ వచ్చిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, సంతకం. మీటర్ పనిచేసిన మూడేళ్లలో 2,010 లీటర్లు తాగింది. దాన్ని 1,184తో భాగిస్తే గంటకు 1.7 లీటర్లు. తర్వాతి ఎనిమిదేళ్లలో 3,740 లీటర్లు. అందులో కొన్ని ఎంట్రీల పక్కన "జ" అని ఉంది. కరెంటు లేనప్పుడు జనరేటర్‌లో పోసినవి. అవి కూడితే 340. నిజం చెప్తున్నా, ఇంకొన్ని అలుక్కుపోయిన గీతలు కూడా "జ" లాగే ఉన్నాయని నన్ను నేను నమ్మించుకోవడానికి ఒక గంట ప్రయత్నించాను. ప్రతి "జ"కీ బండి వయసు తగ్గుతోంది మరి. కుదరలేదు. 3,400 లీటర్లు, 2,000 గంటలు. మొత్తం 3,184.

మా సబ్జెక్ట్‌లో ఆకర్లాఫ్ అనే ఆర్థికవేత్త పేరు వస్తుంది. పాత కార్ల బజారు మీద 1970లో ఒక పేపర్ రాశాడు, 2001లో నోబెల్ పంచుకున్నాడు. అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియనప్పుడు, కొనేవాడు అన్ని బండ్లనీ అనుమానంగానే చూసి తక్కువ ధరే ఇస్తాడు, దాంతో మంచి బండ్లున్న వాళ్లు బజారుకే రారు అంటాడు. రెండు మార్కుల ప్రశ్నకి ఇదే రాసొచ్చాను. అందులో అమ్మేవాడి కుర్చీలో నేను కూర్చుంటానని అప్పుడు తోచలేదు.

రాణీగంజ్‌లో తాతయ్యకు తెలిసిన మెకానిక్‌ని అడిగితే, పిస్టన్, లైనర్, రింగులు, బేరింగులు అన్నీ మార్చి బిగించడానికి ముప్పై వేలు అన్నాడు. ఆ పని ఒకటి రెండేళ్లలో పడుతుందనుకుంటే లక్షా ఐదు వేలు. నా వాటాలో పదిహేను వేలు ఎగిరిపోయాయి.

రైతుకు ఫోన్ నేనే చేశాను, తాతయ్య పక్కనే కూర్చుని పేపర్ చదువుతున్నట్టు నటిస్తుండగా. ఆదివారం ఆయన మళ్లీ వచ్చారు. రిజిస్టర్ చూపించి లెక్క మొత్తం చెప్పాను. ఆయన విని క్లచ్ పెడల్ వైపు వేలు చూపించారు. రబ్బరు నున్నగా అరిగిపోయి ఇనుము తేలింది.

"పదకొండు వందల గంటలకు గిట్ల అరగదు తమ్మి. నేను మొన్ననే చూసిన. నాలుగు వేలు తిరిగిందనుకొనే రేటు చెప్పిన."

నాకు నోట మాట రాలేదు. తాతయ్య పేపర్ కిందికి దించారు.

"అయితే మూడు వేల నూట ఎనభై నాలుగు అంటే మీకు లాభమే కదా" అన్నాను, బేరంలో దొరికిన పిల్లి పిసరంత ధైర్యంతో. ఆయన గట్టిగా నవ్వేశారు. ఇంకో రౌండు టీ అయింది. లక్షా నలభై దగ్గర తెగింది. లాప్‌టాప్‌కి అది చాలదు, అది వేరే కథ.

"పెద్దసారూ, ఆ బుక్కు కూడా ఇయ్యుండ్రి. రేపు నేను అమ్ముకునేటప్పుడు పనికొస్తది" అన్నారాయన.

తాతయ్య వెంటనే ఇవ్వలేదు. అందులో డీజిల్ ఒక్కటే లేదు మరి, చివరి పేజీల్లో ఏ ఏడు ఎన్ని గంపల బంగినపల్లి దిగిందో కూడా ఉంది. నన్ను పంపించి ఆ పేజీలు జిరాక్స్ తీయించుకున్నారు. డీసీఎం వచ్చి ట్రాక్టర్ ఎక్కించాక, రిజిస్టర్ బానెట్ మీద పెట్టి, జేబులో పెన్ను తీసి తేదీ వేశారు. ట్యాంకులో పుల్ల ముంచి చూసి రమ్మన్నారు నన్ను. చూసొచ్చి చెప్పాను. తేదీ పక్కన "నిల్వ 4 లీ." అని రాసి, సంతకం చేసి, ఆయన చేతికిచ్చారు.