వెచ్చని మూల, చల్లని మూల

బయట ఎండ కాసినా, మంచు కురిసినా మన దేహం సుమారు 37 డిగ్రీల సెల్సియస్ వేడిని తానే నిలుపుకొంటుంది. పాముకు ఆ శక్తి లేదు. తనకు కావలసిన వెచ్చదనాన్ని అది పరిసరాల నుంచే గ్రహించాలి. ఈ సంగతిని నేను చిన్ననాడే పాఠంలో చదివాను. కాని నిజంగా నేర్చుకొన్నది మాత్రం షికాగోలోని మా ఇంట్లో, నా చేతులతో చేసిన ఒక చెక్కపెట్టె ముందు కూర్చున్నప్పుడే.

2018లో, పన్నెండేళ్లు నిండిన మా అమ్మాయి పామును పెంచుకొంటానని పట్టుబట్టింది. తెనాలి దగ్గరి పల్లెలో పుట్టి, నాగుల చవితికి పుట్టలో పాలు పోసే ఇంట పెరిగిన నాకు ఆ కోరిక వింతగా తోచింది. మన దేశంలో నాగుపాము, జెర్రిపోతు వంటి పాములను పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అమెరికాలో మాత్రం పెంపకంలోనే పుట్టిన కార్న్ స్నేక్ అనే పామును దుకాణాలలో అమ్ముతారు. అది ఆ దేశపు ఆగ్నేయ ప్రాంతానికి చెందినది. విషం లేనిది, సాధు స్వభావం కలది. పండుమిరపకాయ రంగులో ఉన్న ఒక పామును ఎంచుకొని, మా అమ్మాయి దానికి ‘మిరప’ అని పేరు పెట్టింది.

దాని కోసం నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల పెట్టెను ప్లైవుడ్‌తో నేనే తయారు చేశాను. ముందువైపు జరిపే అద్దాలు, పక్కలకు గాలి రంధ్రాలు అమర్చాను. తిన్న ఎలుక అరగాలంటే పాముకు వెచ్చదనం తప్పనిసరి. చలిలో ఉంటే అది మింగినదాన్ని కక్కేస్తుంది. 30 డిగ్రీలు మేలని చదివి, పెట్టె పైకప్పుకు సరిగ్గా నడుమ సిరామిక్ హీటరు బిగించి, పాము తగలకుండా దాని చుట్టూ తీగజాలీ కట్టాను. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్‌ను కూడా జతచేశాను. రెండు రోజులలో పెట్టెలో ఏ మూల చూసినా 30 డిగ్రీలే! ఇంజనీరునైన నాకు అంతకంటే గర్వకారణం ఏముంటుంది?

మిరపకు మాత్రం ఆ ఇల్లు నచ్చలేదు. పగలంతా నీళ్ల గిన్నెలో చుట్టుకొని పడుకొనేది. లేదా గాలి రంధ్రాలకు ముక్కు ఆనించి ఉండేది. ఫోనులో ఈ సంగతి చెబితే, పల్లె దాటి ఎక్కువగా ఎరగని మా అమ్మ నవ్వింది.

“ఏరా, పుట్టలో పాము ఒక్కచోటే ఉంటుందా? పొద్దున పైకి వచ్చి ఎండ కాచుకొంటుంది. ఎండ ముదిరితే లోపలికి దిగిపోతుంది. నువ్వు దానికి ఇల్లు కట్టావు గాని, దిగే చోటు కట్టలేదు” అంది.

నేను చదివిన 30 డిగ్రీలు పెట్టెలో ఒక్క మూలకే వర్తిస్తాయని అప్పుడు అర్థమైంది. హీటరును కుడి కొసకు మార్చి, దాని కింద ఒక రాతిపలక పరిచాను. ఎడమ కొసను 24 డిగ్రీల దగ్గర ఉండనిచ్చాను. దాగడానికి రెండు కొసలా చెక్కబెరడు గూళ్లు పెట్టాను. మిరప నీళ్ల గిన్నెను విడిచిపెట్టింది. ఆహారం తిన్నాక కుడివైపు పడుకొని, కొన్ని గంటలకు ఎడమవైపు జరిగేది.

2019 జనవరి 30న షికాగోలో ఉష్ణోగ్రత సున్నాకు దాదాపు 30 డిగ్రీల దిగువకు పడిపోయింది. ఇల్లంతా చల్లబడింది. నేను భయపడి పెట్టె మీద రగ్గు కప్పబోతే, గాలి రంధ్రాలు మూసుకుపోతాయని మా అమ్మాయి ఆపింది. తెల్లవారుజామున లేచి చూసేసరికి గుండె ఝల్లుమంది. థర్మోస్టాట్‌కు వేడిని తెలిపే తీగ కొస ఊడి చల్లని మూలలో పడి ఉంది. రాత్రి మిరప పాకుతూ దాన్ని లాగివేసినట్లుంది. చల్లగా ఉందనుకొన్న యంత్రం హీటరును ఆపకుండా వెలిగిస్తూనే ఉంది. రాతిపలకను కొలిస్తే 50 డిగ్రీలు దాటింది.

వెంటనే హీటరు ఆపి, వణుకుతున్న చేతులతో కుడివైపు గూడు ఎత్తాను. ఖాళీ. ఎడమవైపు గూడు ఎత్తాను. మిరప చుట్టలు చుట్టుకొని, నాలుక ఆడిస్తూ నెమ్మదిగా చూసింది. మా అమ్మాయి నేల మీద కూలబడి ఏడ్చేసింది. కాలుతున్న చోటు నుంచి కదలక పొట్ట కాల్చుకొనే పాములూ ఉంటాయి కనుక, ఇందులో అదృష్టం పాలు కూడా ఉంది. కాని నా మొదటి పెట్టెలోనైతే అదృష్టానికి సైతం చోటు ఉండేది కాదు. యంత్రం తప్పిన రాత్రి దాన్ని కాపాడింది మా అమ్మ చెప్పిన ‘దిగే చోటే’.

ఆనాటి నుంచి తీగను రెండుచోట్ల గట్టిగా బిగించాను. రెండు కొసలా వేరువేరు థర్మామీటర్లు అమర్చాను. వేడి హద్దు దాటితే విద్యుత్తును నిలిపివేసే మరో పరికరాన్ని చేర్చాను.

ఇప్పుడు మా అమ్మాయి చదువు కోసం వేరే ఊరిలో ఉంది. మిరప బాధ్యత నాది. రాత్రి పడుకోబోయే ముందు రెండు థర్మామీటర్లనూ చూస్తాను. ఆ తరువాత మిరప ఏ మూల ఉందో చూస్తాను. నేను ఎక్కువగా నమ్మేది ఆ రెండో చూపునే.